మూడు నిమిషాలు, మూడు షడ్జాలు

మన కచేరీలో తంబురా ఒకసారి శ్రుతి పట్టిందంటే మంగళం పాడేదాకా షడ్జం కదలదు. రాగం మారవచ్చు, తాళం మారవచ్చు, గాయకుడు గ్రహభేదం చేసి కాసేపు మరో రాగం ఛాయ చూపించవచ్చు. వెనక సా మాత్రం మోగుతూనే ఉంటుంది. అందుకే కర్ణాటక సంగీతంలో చెవి తయారైనవాళ్ళకు జాజ్ కొత్తలో ఒక చిక్కు పెడుతుంది. వాయించేవాడు ఏ స్వరం పట్టుకున్నాడో తెలుస్తుంది గాని, దాన్ని దేన్నుంచి లెక్కపెట్టాలో తెలియదు. లెక్కకు ఆధారమైన సా కూడా జరిగిపోతూ ఉంటుంది మరి.

ఆ జరుగుబాటు ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడానికి నా మటుకు నాకు ఒక్క పాట చాలు. 'బాడీ అండ్ సోల్'. బాణీ జానీ గ్రీన్‌ది, 1930 నాటిది. మాటలు ఎడ్వర్డ్ హేమన్, రాబర్ట్ సవర్, ఫ్రాంక్ ఐటన్ కలిసి రాశారు. గెర్‌ట్రూడ్ లారెన్స్ అనే నటి కోసం పుట్టిన ఈ పాట, అదే ఏడాది బ్రాడ్‌వేలో 'త్రీస్ ఎ క్రౌడ్' ప్రదర్శనలో లిబ్బీ హోల్మన్ గొంతుతో జనంలోకి వెళ్ళింది. ఆ సంవత్సరమే లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ రికార్డు చేశాడు. 1935లో బెన్నీ గుడ్‌మన్ త్రయం, 1940లో బిల్లీ హాలిడే, 2011లో టోనీ బెనెట్‌తో కలిసి ఏమీ వైన్‌హౌస్. జాబితాకు అంతుండదు. అయితే 1939 అక్టోబరు 11న న్యూయార్క్‌లో కోల్‌మన్ హాకిన్స్ టెనర్ శాక్సఫోన్ మీద వాయించిన మూడు నిమిషాల రికార్డు వీటన్నిటి మధ్యా వేరుగా నిలబడి ఉంది. పాటను విప్పి చూపించిన రికార్డు అది.

నేను చెప్పదలచుకున్నది పాట లోపలి కట్టుబడి గురించి, ఆ కట్టుబడిని ఒక్కో స్వరమే పలికే వాద్యం మీద హాకిన్స్ వినిపించిన తీరు గురించి. ఈ పాట విన్నవాళ్ళకు ఎక్కడెక్కడికో తీసుకుపోయి తెచ్చినట్టు ఉంటుంది. దగ్గరగా చూస్తే అందులో ముఖ్యమైన అడుగు ప్రతిదీ పక్క మెట్టు మీదికే. దూరమంతా అర స్వరాలతోనే నడిచిన దూరం.

ముందు నిర్మాణం చూద్దాం. పాట 32 బార్లు, బార్‌కు నాలుగు దెబ్బలు. ఎనిమిది బార్ల మొదటి భాగం రెండుసార్లు వస్తుంది. తర్వాత ఎనిమిది బార్ల 'బ్రిడ్జ్', మళ్ళీ మొదటి భాగం. ఆనాటి అమెరికన్ పాటలు చాలావాటిది ఇదే అచ్చు. ఈ 32 బార్లూ పూర్తయితే ఒక చుట్టు. మన నెరవల్‌లో సాహిత్యం నిలబడి స్వరం మారుతుంది. జాజ్ మనోధర్మంలో బాణీయే పోవచ్చు, వెనక నడిచే స్వరగుచ్ఛాల వరుస మాత్రం చుట్టుకు చుట్టు అదే క్రమంలో తిరుగుతుంది. స్వరగుచ్ఛమంటే కలిపి మోగే మూడు నాలుగు స్వరాలు, సినిమా పాటకు గిటార్ పట్టుకున్న ప్రతి కుర్రాడికీ తెలిసిన 'కార్డ్'. ఇకమీద కార్డ్ అనే అంటాను.

పాట శ్రుతి డి ఫ్లాట్. మన లెక్కలో ఒకటిన్నర. హార్మోనియం గానీ కీబోర్డు గానీ దగ్గరుంటే సా అక్కడ పెట్టుకోండి, మిగిలిందంతా సులువవుతుంది. మొదటి భాగం ప్రధానంగా శంకరాభరణం స్వరాల్లో నడుస్తుంది. కాని పాట సా మీద మొదలు కాదు. మొదటి కార్డ్ రిషభం మీద కూర్చుంది: రి, మ, ద, స. దాన్నే వాళ్ళు ఇ ఫ్లాట్ మైనర్ సెవెన్ అంటారు. సొంతింటి కార్డ్, అంటే స గ ప ని, మూడో బార్‌లో గాని రాదు. వచ్చినా రెండు దెబ్బలే ఉంటుంది. హాకిన్స్ నడక నిమిషానికి దాదాపు 95 దెబ్బలు కాబట్టి అది సెకను పైన కాస్త. మళ్ళీ ఎనిమిదో బార్ దాకా ఇంటి మొహం చూడం. ప్రేమించిన మనిషి దక్కక అలమటించే పాటకు ఇంతకంటే తగిన అమరిక నాకు తోచదు. మాటలు తీసేసినా ఆ ఆరాటం కార్డుల్లో మిగులుతుంది. వాయిద్యకారులు ఈ పాట వెంట ఇంతగా పడటానికి అది సగం కారణం.

ఇప్పుడు మొదటి బార్ దగ్గర కాస్త ఆగుదాం. మొదటి రెండు దెబ్బలు రిషభం కార్డ్. తర్వాతి రెండు దెబ్బలకు ధైవతం మీద ఒక కార్డ్ వస్తుంది, బి ఫ్లాట్ సెవెన్. రెండో బార్ మొదట్లో తిరిగి రిషభం కార్డ్. ఆ మధ్యలో వచ్చిన ధైవతం కార్డ్‌లో శంకరాభరణానికి చెందని స్వరం ఒకటి ఉంది, శుద్ధ రిషభం. చాలామంది దానిపైన ఇంకొకటి కలుపుతారు, కైశికి నిషాదం. ఈ పరాయి స్వరాలు ఎక్కణ్ణుంచి వచ్చాయి? సా స్థానాన్ని రిషభం మీదికి జరిపి చూడండి. శుద్ధ రిషభం కాకలి నిషాదమవుతుంది, కైశికి నిషాదం శుద్ధ ధైవతమవుతుంది. అంటే మన కీరవాణి. పాట మొదలై రెండు సెకన్లు కాలేదు, అప్పుడే రిషభం తాత్కాలిక షడ్జమై తన కాకలి నిషాదాన్ని పిలిపించుకుంది. మధ్య స్వరాన్నే వింటే జరిగింది ఇంతే: చతుశ్రుతి రిషభం, ఒక మెట్టు కింద శుద్ధ రిషభం, మళ్ళీ చతుశ్రుతి రిషభం. ఒక చిన్న వంపు.

ఈ వంపును గుర్తుపెట్టుకోండి. మూడో బార్‌లో షడ్జం కార్డ్ తర్వాత జాజ్‌వాళ్ళు ఎక్కువగా వాయించేది మధ్యమం మీది కార్డ్, జి ఫ్లాట్ సెవెన్. దాంట్లో సాధారణ గాంధారం ఉంది. దాని ముందు వెళ్ళిన షడ్జం కార్డ్‌లో అంతర గాంధారం. వెంటనే నాలుగో బార్‌లో గాంధారం మీద కార్డ్, ఎఫ్ మైనర్ సెవెన్. మళ్ళీ అంతర గాంధారం. రిషభం దగ్గర జరిగిన వంపే గాంధారం దగ్గరా జరిగింది. ఇంతవరకూ పోలిక. ఆ తర్వాత వచ్చే మెలిక దగ్గరే పనితనం బయటపడుతుంది. నాలుగో బార్ రెండో సగంలో సాధారణ గాంధారం మళ్ళీ వస్తుంది, ఈసారి కార్డుకు పునాది స్వరంగా, అడుగు గొంతులో. ఇప్పుడిక వెనక్కి ఎక్కదు. అక్కణ్ణుంచి చతుశ్రుతి రిషభానికి దిగుతుంది, అటునుంచి షడ్జానికి, ఆరో బార్‌లో కాకలి నిషాదానికి. అంతర గాంధారం, సాధారణ గాంధారం, రిషభం, షడ్జం, నిషాదం. బాస్ వాద్యం ఈ అయిదు మెట్లూ దిగుతుంటే పైన బాణీ తన మానాన తాను పాడుకుంటుంది. ఒకసారి వంగి లేచిన స్వరం రెండోసారి లేవకుండా దిగిపోవడమే ఈ ఎనిమిది బార్ల అసలు కథ అని నా అభిప్రాయం.

ఆ సాధారణ గాంధారం మీద కూర్చున్న కార్డ్‌కు డిమినిష్డ్ అని పేరు. నాలుగు స్వరాలు, ఒక్కో దానికీ మధ్య మూడేసి అర స్వరాలు. స్థాయిని నాలుగు సమభాగాలు చేసినట్టు. సమానంగా ఉండటం వల్ల దానికి సొంత ఊరంటూ లేదు, ఎటు తోస్తే అటు పోతుంది. హాకిన్స్‌కు ఇలాంటివంటే మహా ఇష్టం. రాసిన చోటే కాదు, రాయని చోట కూడా రెండు కార్డుల నడుమ సందు దొరికితే ఇలాంటి దాన్ని దూర్చేవాడు.

మిగతా బార్లు త్వరగా చెప్పేస్తాను. ఆరో బార్‌లో ధైవతం మీద మరో కీరవాణి తొంగిచూస్తుంది. ఈసారి ఆహ్వానం మోసుకొచ్చేది శుద్ధ ధైవతం. ఏడో బార్ ఇరుకు బార్, నాలుగు దెబ్బలకు నాలుగు కార్డులు. ఇక్కడ కొత్తగా నేర్చుకునేవాళ్ళు గుండెలు బాదుకుంటారు. ఒక్కో కార్డుకు ఒక్కో రాగం వెతుక్కుంటూ కూర్చుంటే దెబ్బ దాటిపోతుంది. అయితే లోపల నడుస్తున్నది చూస్తే భయం పోతుంది. పంచమం, ప్రతి మధ్యమం, శుద్ధ మధ్యమం, ఎనిమిదో బార్ మొదటి దెబ్బకు అంతర గాంధారం. ఈ నాలుగూ ఆయా కార్డుల్లో ముఖ్య స్వరాలే. నాలుగు కార్డులకు ఒకే జారుడు. ఆ జారుడు పట్టుకున్నవాడికి ఏడో బార్ కష్టం కాదు, వరం.

ముఖ్య స్వరాలంటే ఏవి? జాజ్ బోధనలో ఇప్పుడు ప్రతి కార్డుకూ ఒక స్వరమాల చెప్పడం ఆనవాయితీ. రెండో బార్ నుంచి మూడో బార్‌కు వచ్చే వరుసనే తీసుకుందాం: రిషభం కార్డ్, పంచమం కార్డ్, షడ్జం కార్డ్. జాజ్‌వాళ్ళ నోట నిత్యం నలిగే 'టూ-ఫైవ్-వన్' ఇదే. మన భాషలో చెబితే శంకరాభరణానికి రిషభం దగ్గర గ్రహభేదం చేస్తే ఖరహరప్రియ, పంచమం దగ్గర చేస్తే హరికాంభోజి. కాబట్టి ఖరహరప్రియ, హరికాంభోజి, శంకరాభరణం అని మూడు పేర్లు రాసి ఇచ్చేస్తారు. తప్పు కాదు. కానీ అంతటితో ఆగే పాఠాల మీద నాకు గురి లేదు. మూడిట్లోనూ ఉన్నవి అవే ఏడు స్వరాలు. కింద తంబురా లాంటి ఆధారం లేనప్పుడు, పేరు మార్చినంత మాత్రాన వినేవాడి చెవిలో ఏం మారుతుంది?

మారేది ఏ దెబ్బ మీద ఏ స్వరం పడిందన్నది. ప్రతి కార్డుకూ పునాది నుంచి లెక్కపెడితే మూడో స్వరం, ఏడో స్వరం దాని గుణం చెబుతాయి. మూడోది ఆ కార్డు మేజరా మైనరా తేలుస్తుంది. ఏడోది అది నిలబడేదా, ముందుకు తోసేదా అన్నది తేలుస్తుంది. పునాదిని బాస్ ఎలాగూ వాయిస్తుంది. రిషభం కార్డులో ఆ రెండూ మధ్యమం, షడ్జం. పంచమం కార్డు రాగానే షడ్జం ఒక మెట్టు జారి నిషాదమవుతుంది, మధ్యమం అలాగే ఉంటుంది. షడ్జం కార్డు రాగానే మధ్యమం ఒక మెట్టు జారి గాంధారమవుతుంది, నిషాదం అలాగే ఉంటుంది. మ-స, మ-ని, గ-ని. హార్మోనియం మీద కుడిచేత్తో ఈ రెండేసి స్వరాలు మాత్రం నిదానంగా వాయించి చూడండి. ఇంకేమీ లేకుండానే పాట వినిపిస్తుంది. ఈ పాటను మనోధర్మానికి సాధన చేయాలనుకునేవాళ్ళకు ఇంతకంటే మంచి మొదటి మెట్టు లేదంటాను. 32 బార్లకూ ఇలా రెండేసి స్వరాల దారి వేసుకుని, దాన్ని గొంతుతో పాడగలిగాక వాద్యం ముట్టుకోవాలి.

ఇక బ్రిడ్జ్. పాటకు పేరు తెచ్చింది ఇదే. రెండోసారి మొదటి భాగం ముగిసీ ముగియకముందే షడ్జం ఒకటిన్నర నుంచి రెండుకు లేస్తుంది. డి ఫ్లాట్ నుంచి డి. సంఖ్యలో చూస్తే అతి దగ్గరి పక్కిల్లు. సంగీతంలో చూస్తే దాదాపు పరదేశం, ఎందుకంటే ఒకటిన్నర శంకరాభరణానికీ రెండు శంకరాభరణానికీ ఉమ్మడి స్వరాలు రెండంటే రెండే. మిగతా అయిదూ మారిపోవాలి. విన్నప్పుడు వెలుతురు మారినట్టుండేది అందుకే.

ఆ రెండు ఉమ్మడి స్వరాలూ ఏవో చూడండి. పాత షడ్జం కొత్త నిషాదమైంది, పాత మధ్యమం కొత్త గాంధారమైంది. పాట మొదటి కార్డులో, రిషభం మీది కార్డులో, మనం ముఖ్య స్వరాలని పట్టుకున్నవి ఏవి? మధ్యమం, షడ్జం. అవే రెండు మీటలు ఇప్పుడు కొత్త ఊళ్ళో షడ్జం కార్డుకు ముఖ్య స్వరాలయ్యాయి. పదహారు బార్లుగా జారిపోతూ, కిందికి దిగడానికే పుట్టినట్టున్న రెండు స్వరాలు బ్రిడ్జ్‌లో అడుగుపెట్టగానే నిలకడగా ఇంట్లో కూర్చున్నాయి. మీటలు అవే, కింద పునాది మాత్రం అర స్వరం దిగింది. గ్రీన్ దీన్ని లెక్కవేసి చేశాడో చెయ్యి పోయినట్టు చేశాడో నాకు పట్టదు, చెవికి అందే నిజం ఇది.

నాలుగు బార్లు రెండు శ్రుతిలో తిరిగాక మరో మలుపు. ఈ మలుపు మరీ పొదుపైనది. డి మేజర్ కార్డు డి మైనర్ అవుతుంది. అంతర గాంధారం సాధారణ గాంధారమైంది, అంతే. మనవాళ్ళకు వెంటనే వెలగాలి: శంకరాభరణంలో గాంధారం, నిషాదం ఒక్కో మెట్టు దించితే ఖరహరప్రియ. ఖరహరప్రియ అంటే మరో శంకరాభరణానికి రిషభ గ్రహభేదం. రెండు శ్రుతి ఖరహరప్రియ ఒకటి శ్రుతి శంకరాభరణానికి రిషభం దగ్గరి రూపం. అంటే గుమ్మం దాటకుండానే ఒకటి శ్రుతిలోకి, సి మేజర్‌లోకి వచ్చేశాం. ఇప్పుడు ఒకటికీ మొదటి ఒకటిన్నరకూ ఉమ్మడి స్వరాలు ఎన్ని? మళ్ళీ రెండే: సి, ఎఫ్. ఒకటిన్నరలో అవి నిషాదం, గాంధారం. షడ్జం కార్డుకు ముఖ్య స్వరాలు. ఇక్కడ ఈ డి మైనర్ కార్డుకూ అవే ముఖ్య స్వరాలు. పైకి అర మెట్టు వెళ్ళినప్పుడు ఏం జరిగిందో, కిందికి అర మెట్టు వచ్చినప్పుడు దానికి అద్దంలో ప్రతిబింబం జరిగింది. అప్పుడు జారే స్వరాలు నిలబడ్డాయి, ఇప్పుడు నిలబడిన స్వరాలు జారడం మొదలుపెట్టాయి.

తిరిగి ఇంటికి రావాలి. ఎనిమిదో బార్‌లో మూడు కార్డులు ఒకదాని వెంట ఒకటి దిగుతాయి: సి సెవెన్, బి సెవెన్, బి ఫ్లాట్ సెవెన్. మొత్తం అమరికను యథాతథంగా ఒక్కో మెట్టు కిందికి జరపడమే. చూడటానికి ఇది కాస్త మొరటు పని. మరొకరు రాస్తే నేను విసుక్కునేవాణ్ణేమో. కాని చివర దిగిన బి ఫ్లాట్ సెవెన్ ఎవరు? మొదటి బార్‌లో శుద్ధ రిషభాన్ని వెంటబెట్టుకొచ్చిన ధైవతం కార్డే. అది ఎక్కడికి పిలుస్తుందో మనకు పాట మొదటి రెండు సెకన్లలోనే తెలుసు: రిషభం కార్డుకు. మొదటి భాగం రిషభం మీదే మొదలవుతుంది కాబట్టి అతుకు కనబడదు. షడ్జం మీద మొదలై ఉంటే ఈ దారి కుదిరేది కాదు.

ఒకటిన్నర, రెండు, ఒకటి, మళ్ళీ ఒకటిన్నర. ఇంత తిరుగుడు ఉన్న పాటను నెమ్మది నడకలో వాయించాలి. నెమ్మది పాటలో దాక్కునే చోటుండదు. వేగంగా పోయే పాటలో తప్పిన స్వరం గాలికి కొట్టుకుపోతుంది, ఇక్కడ తప్పు దెబ్బంతసేపూ నిలబడి అందరికీ మొహం చూపిస్తుంది.

కోల్‌మన్ హాకిన్స్ 1904లో మిజూరీ రాష్ట్రంలో సెయింట్ జోసెఫ్ పట్టణంలో పుట్టాడు. చిన్నప్పుడు పియానో, చెల్లో నేర్చుకున్నాడు. ఈ వివరం ఊరికే చెప్పడం లేదు. పియానో వేళ్ళకు కార్డులు తెలుసు, చెల్లోకు ఒక్కో తీగె మీద వాటిని విడదీసి పలకడం తెలుసు. ఫ్లెచర్ హెండర్సన్ బృందంలో పదేళ్ళకు పైగా వాయించి, జాజ్‌లో టెనర్ శాక్సఫోన్‌కు గౌరవస్థానం సంపాదించిపెట్టాడు. 1934లో యూరప్ వెళ్ళి 1939లో తిరిగొచ్చాడు. ఈలోగా న్యూయార్క్‌లో కొత్త టెనర్ వాద్యకారులు లేచారు. హెండర్సన్ బృందంలో ఆయన ఖాళీ చేసిన కుర్చీలో కూర్చున్న లెస్టర్ యంగ్‌ను, హాకిన్స్‌లా పలకడం లేదని సాటివాళ్ళే నిలవనివ్వలేదు. ఆ యంగ్ పద్ధతి 1939 నాటికి సొంతంగా నిలదొక్కుకుంది. యంగ్ కార్డుల మీదుగా తేలిపోతూ అడ్డంగా రాగం అల్లేవాడు. హాకిన్స్ ప్రతి కార్డులోకీ నిలువునా దిగేవాడు. ఇద్దరిలో ఎవరు గొప్ప అన్న తగువు జాజ్‌లో ఎన్నటికీ తెగేది కాదు. ఈ పాటకు మాత్రం నిలువు పద్ధతే సరిపోతుందని నా పక్షపాతం. ఇంత జాగ్రత్తగా పేర్చిన మెట్ల మీదుగా తేలిపోతే మెట్లు పేర్చి ప్రయోజనమేముంది?

బ్లూబర్డ్ లేబుల్‌కు చేసిన ఆ రికార్డులో జీన్ రాడ్జర్స్ పియానో మీద నాలుగు బార్లు ఎత్తుగడ వాయిస్తాడు. ఆ తర్వాత హాకిన్స్ రెండు చుట్లు, 64 బార్లు, ఏకధాటిగా. మరొకరి సోలో లేదు, గాయకుడు లేడు. మొదటి రెండు బార్లలో గ్రీన్ బాణీని పోల్చుకోగలం. ఆపైన అది కరిగిపోతుంది, పూర్తి రూపంలో మళ్ళీ రాదు. జనానికి తెలిసిన ప్రేమ పాట రికార్డులో ఆ పాట బాణీయే లేకపోవడం అప్పటికి సాహసం. అయినా జనం కొన్నారు, బాగా కొన్నారు. హాకిన్స్‌కు ఆ తర్వాత జీవితమంతా ఈ పాట వాయించక తప్పలేదు.

బాణీ లేకపోయినా జనం ఎలా పోల్చుకున్నారు? బాణీ కింద ఉన్నదాన్ని ఆయన వినిపించాడు కాబట్టి. శాక్సఫోన్ ఒకసారి ఒకే స్వరం పలుకుతుంది. ఆయన కార్డు స్వరాలను ఒకదాని వెంట ఒకటి పైకీ కిందికీ విప్పుతూ పోతాడు. ప్రతి విప్పు చివరా తర్వాతి కార్డు ముఖ్య స్వరం మీద, సరిగ్గా అది మారే దెబ్బ దగ్గర, కాలు మోపుతాడు. షడ్జం నుంచి నిషాదానికి, మధ్యమం నుంచి గాంధారానికి జారే ఆ చిన్న దారులు ఎంత పొడుగు వాక్యంలోనైనా లోపల దారంలా కనిపిస్తాయి. నడక నెమ్మదిదే అయినా ఆయన తరచూ దెబ్బను నాలుగుగా విరిచి స్వరాలు కుమ్మరిస్తాడు. తొందర మాత్రం వినపడదు. పక్కన డ్రమ్స్, బాస్ తమ నడక తాము నడుస్తుంటాయి.

ఆయన చేసిన మరో పని ఇంకా లోతైనది. పంచమం కార్డు రావలసిన చోట, దాని బదులు శుద్ధ రిషభం మీది కార్డును విప్పుతాడు. పంచమానికీ శుద్ధ రిషభానికీ మధ్య ఆరు అర స్వరాలు, స్థాయిలో సరిగ్గా సగం. రెంటికీ ఏం సంబంధమని అడగవచ్చు. పంచమం కార్డు ముఖ్య స్వరాలు నిషాదం, మధ్యమం. శుద్ధ రిషభం కార్డు ముఖ్య స్వరాలు మధ్యమం, నిషాదం. అవే రెండు, స్థానాలు తారుమారు. అందుకని ఒకదాని చోట ఇంకొకటి పెడితే పని జరుగుతుంది. పైగా లాభం కూడా: పునాదులు చతుశ్రుతి రిషభం, శుద్ధ రిషభం, షడ్జం అని మెట్టు మెట్టుగా దిగుతాయి. మొదటి బార్‌లో గ్రీన్ వంచి మళ్ళీ లేపిన ఆ శుద్ధ రిషభాన్నే హాకిన్స్ తీసుకుని, లేవనివ్వకుండా షడ్జానికి దింపాడు. గాంధారం విషయంలో పాట తానే చేసిన పనిని ఆయన రిషభానికి చేశాడన్నమాట. పాట తర్కాన్ని పాట కంటే ఒక అడుగు ముందుకు తీసుకుపోవడమంటే ఇదే. ఈ మార్పిడి తర్వాతి అయిదారేళ్ళలో బీబాప్ కుర్రాళ్ళకు నిత్యకృత్యమైంది. 1944లో డిజీ గిలెస్పీని పక్కన పెట్టుకుని తొలి బీబాప్ రికార్డింగ్ అనిపించుకున్న దాన్ని చేసిందీ, అప్పటికి పెద్దగా పేరులేని థెలోనియస్ మంక్‌ను స్టూడియోకు తీసుకెళ్ళిందీ హాకిన్సే.

సాధన చేసేవాళ్ళకు ఒక చిన్న వెసులుబాటు చెప్పాలి. టెనర్ శాక్సఫోన్ మీద రాసిన స్వరానికీ పలికే స్వరానికీ తేడా ఉంటుంది. డి ఫ్లాట్ పలకాలంటే వాళ్ళు ఇ ఫ్లాట్ వేళ్ళు వాడతారు, అది వాళ్ళకు సుఖమైన శ్రుతి. బ్రిడ్జ్‌లో అదే ఇ మేజర్‌కు ఎగబాకాలి, నాలుగు షార్ప్‌లు. వేళ్ళకు అక్కడ నిజంగానే పరదేశమే. హాకిన్స్ ఆ నాలుగు బార్లలో ఏమాత్రం తడబాటు లేకుండా తిరగడం విన్నప్పుడు మెచ్చుకోవలసింది ఊహనే కాదు, వేళ్ళను కూడా.

రెండో చుట్టులో వెనక గాలి వాద్యాలు దీర్ఘ స్వరాలు పడతాయి. హాకిన్స్ ధ్వని పెరుగుతుంది, గరుకెక్కుతుంది, వాక్యాలు ఒక్కో మెట్టూ పైకి జరుగుతాయి. శిఖరం ఎక్కడ పెట్టాడన్నది గమనించాలి. శ్రుతి మారే బ్రిడ్జ్‌లో పెట్టడం ఎవరికైనా తోచే పని. ఆయన దాన్ని దాటించి, సొంత శ్రుతికి తిరిగొచ్చాక, చివరి ఎనిమిది బార్లలో పెట్టాడు. అందరూ ఇల్లు చేరామనుకున్న చోట ఎత్తుకున్నాడు. ఆ తర్వాత బృందం ఆగుతుంది, తాళం వదిలేసి ఒంటరిగా కాసేపు దిగివచ్చి ముగిస్తాడు.

ఆ తర్వాత టెనర్ పట్టినవాళ్ళందరికీ ఈ పాట ఒక పరీక్ష అయింది. గాయకుడు ఎడ్డీ జెఫర్సన్ హాకిన్స్ సోలోకు స్వరం స్వరానికీ మాటలు కట్టి పాడాడు. 1960 అక్టోబరులో జాన్ కోల్‌ట్రేన్ వంతు వచ్చింది, 1964లో 'కోల్‌ట్రేన్స్ సౌండ్' ఆల్బమ్‌లో విడుదలైంది. మొదటి భాగంలో, హాకిన్స్ అంత ప్రేమగా విప్పిన మెట్ల వరుస కింద, కోల్‌ట్రేన్ బృందం పంచమాన్ని తంబురాలా నిలిపి ఉంచింది. మనకు ఆ రూపమే ముందు నచ్చుతుందేమో కూడా. బ్రిడ్జ్‌లో మాత్రం దానికి తలకిందులు పని చేశాడు. ఉన్న రెండు శ్రుతులూ చాలవన్నట్టు మధ్యలో ఇంకా శ్రుతులు దూర్చాడు, ఒక్కోటీ అంతర గాంధారమంత దూరం దూకుతూ. కాని ఎన్ని గంతులు వేసినా నాలుగో బార్‌కు రెండు శ్రుతికి చేరాడు, ఆపైన ఒకటి వైపు మళ్ళి, బి ఫ్లాట్ సెవెన్ గుండానే వెనక్కి వచ్చాడు.